99 దగ్గర ఆగిన కుర్రాడు, మాడిన పప్పు, మళ్లీ బెనిఫిట్ షోల గొడవ

తెల్లారిజాము | 2024 డిసెంబర్ 28, మధ్యాహ్నం 1:10

ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి.

సెలవలకి అనకాపల్లి వచ్చాను. పొద్దున్న 5కి అలారం పెట్టుకుని లేచాను. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు, మూడో రోజు. మనం 164కి 5 వికెట్లు, ఎదురుగా ఆస్ట్రేలియా 474. నాన్న అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పంత్ ఆ వెర్రి షాట్ ఆడి అవుటయ్యాక (గవాస్కర్ 'స్టుపిడ్' అని మూడుసార్లు అన్నారు, మా నాన్న అంతకంటే పెద్ద మాటే అన్నారు) ఇక పడుకుందామనుకున్నా. 191కి 6. తర్వాత జడేజా కూడా పోయాడు, 221కి 7. ఫాలోఆన్ (వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సి రావడం) తప్పాలంటే 275 కావాలి. 'ఫాలోఆన్ తప్పితే చాలు, టీవీ కట్టేద్దాం' అన్నారు నాన్న.

అక్కడ మొదలైంది మన తెలుగు కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి, సుందర్‌ల బ్యాటింగ్. 50 కొట్టగానే మనవాడు బ్యాట్‌ని గడ్డం కింద నుంచి అలా లాగాడు చూడండీ, మెల్‌బోర్న్‌లో తగ్గేదేలే! నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు ఏమైందని అడిగారు.

అసలు కథ 99 దగ్గర. సుందర్ పోయాడు, బుమ్రా సున్నాకి పోయాడు. చివర్లో సిరాజ్. కమిన్స్ ఓవర్‌లో ఇంకా మూడు బంతులు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అమ్మ, 'మూడో విజిల్ రాగానే స్టవ్ కట్టేయరా, నేను పెరట్లో ఉన్నా' అంది. నేను కదల్లేదు. ఎందుకంటే నితీష్ 80ల్లో ఉన్నప్పటి నుంచి ఎడమకాలు మడిచి కూర్చున్నాను, ఆ కాలు తీస్తే వికెట్ పోతుందని నా నమ్మకం. విజిల్స్ వస్తూనే ఉన్నాయి. మాడు వాసన మొదలైంది. అమ్మ తిట్టుకుంటూ లోపలికొచ్చి టీవీకీ సోఫాకీ మధ్య గరిటెతో నిలబడింది. ఆ బంతికి సిరాజ్ బతికాడు. నాన్న, 'కదలకు, అక్కడే ఉండు' అన్నారు అమ్మతో. పాపం అర్థం కాకపోయినా అలాగే నిలబడింది. మూడు బంతులూ కాచుకున్నాడు సిరాజ్.

తర్వాత బోలాండ్‌ని మిడ్-ఆన్ మీదుగా ఫోర్. 171 బంతుల్లో 100. మోకాలి మీద కూర్చుని, బ్యాట్ నేలకి ఆనించి, దాని మీద హెల్మెట్ పెట్టాడు. గ్యాలరీలో వాళ్ల నాన్నగారు ముత్యాలరెడ్డి గారు చేతులు జోడించి ఏడుస్తున్నారు. మా నాన్న లేచి మంచినీళ్ల వంకతో బయటికెళ్లారు. పప్పు గిన్నె నల్లగా అయింది. పెరుగన్నంతో సరిపెట్టుకున్నాం.

మీరెక్కడ చూశారు, ఎలా చూశారు? రాయండి.

బెజవాడ బుల్లోడు | 1:24

నేను మొబైల్‌లో చూశా బ్రో. 99 దగ్గర ఆ యాప్ తిరగడం మొదలుపెట్టింది, చక్రం తప్ప ఏమీ లేదు. కింద కిరాణా కొట్టులో నుంచి అరుపు వినబడ్డాక తెలిసింది సెంచరీ అయిందని. డబ్బులు కట్టించుకుని అసలు టైముకి చెయ్యిస్తారు.

ఒక్క విషయం గమనించారా? ఒక డీఎస్పీ పుష్పకి పాటలిచ్చాడు. ఇంకో డీఎస్పీ పుష్ప స్టైల్ కొట్టినవాడికి మూడు బంతులు కాపలా కాశాడు.

గల్లీ క్రికెటర్ | 1:31

హహ, సిరాజ్ భాయ్‌కి అక్టోబర్‌లో డీఎస్పీ ఉద్యోగమిస్తే బందోబస్తు డ్యూటీ మెల్‌బోర్న్‌లో పడింది!

జోక్ పక్కన పెడితే, సిరాజ్ మొదటి టెస్టు ఆడింది కూడా ఇదే గ్రౌండ్‌లో, 2020 డిసెంబర్‌లో. అంతకు నెల ముందే ఆటో నడిపే వాళ్ల నాన్న చనిపోయారు, ఈయన ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయాడు. ఇవాళ ఎదురుగా ఇంకో తండ్రి ఏడుస్తుంటే సిరాజ్‌కి ఏమనిపించిందో. వికెట్ తీసినంత గట్టిగా అరిచాడు నితీష్ సెంచరీకి. మా హైదరాబాదోళ్లంతా అంతే, అవతలోడి సంతోషానికి మాకే గొంతు పోతది.

సిడ్నీ 167 | 1:52

బాబూ తెల్లారిజామూ, బాగా రాశావు. నాకు 61 ఏళ్లు. ఆస్ట్రేలియాలో మనవాళ్ల ఆటకి తెల్లారకట్ల లేవడం నాకు 2000 జనవరి నుంచి అలవాటు. సిడ్నీలో లక్ష్మణ్ ఓపెనింగ్‌కి దిగి 167 కొట్టిన రోజు. జట్టు మొత్తం చేసింది 261. మ్యాచ్ ఇన్నింగ్స్ తేడాతో పోయింది. ఎంత తేడాతో అని మా తమ్ముణ్ని ఇప్పుడడిగితే చెప్పలేడు. 167 మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

మళ్లీ 2021లో అదే సిడ్నీలో విహారి. తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడ్డాడు, చేసింది 23. ఆంధ్రా నుంచి వచ్చిన కుర్రాళ్లకి ఆస్ట్రేలియాలో ఏదో ఉంది.

ఇంకో ముక్క. ఎనిమిదో స్థానంలో దిగి ఆస్ట్రేలియాలో నితీష్‌కి ముందు మనవాళ్లెవరూ సెంచరీ కొట్టలేదు. అంతకుముందు కుంబ్లే 2008లో అడిలైడ్‌లో చేసిన 87 పెద్దది. అయినా వీణ్ణి ఎనిమిదో నంబర్‌లో ఎందుకు దింపుతున్నారో నాకర్థం కాదు. పెర్త్‌లో 41, అడిలైడ్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ 42, రెండుసార్లూ జట్టులో అవే ఎక్కువ పరుగులు.

మెల్‌బోర్న్ మామ | 2:40

ఇప్పుడే ఇంటికొచ్చా. నేను స్టేడియంలో ఉన్నా! 83 వేల మంది. గొంతు పోయింది, టైప్ చేయగలను కాబట్టి సరిపోయింది.

మా ఆవిడ పులిహోర కట్టింది. పక్క సీటులో 70 దాటిన తెల్లాయన, ప్రతి ఏడాదీ వస్తాడట. 99 దగ్గర సిరాజ్ బంతిని ఊరికే ఆపితే స్టేడియం దద్దరిల్లిపోయింది. ఆ పెద్దాయన నా వైపు తిరిగి, డిఫెన్స్‌కి ఇంత గోల ఏమిటని అడిగాడు. నేను చెప్పే స్థితిలో లేను. పులిహోర డబ్బా ఆయన చేతిలో పెట్టి రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నా. ఫోర్ కొట్టాక చూస్తే ఆయన కూడా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు, డబ్బా సీటు కింద జాగ్రత్తగా పెట్టి.

ముత్యాలరెడ్డి గారిని పెద్ద తెర మీదే చూశాను. నా వెనక వరసలో ఒకాయన తెలుగులో, 'ఉద్యోగం మానేసి కొడుకుని ఆడించాడయ్యా ఆయన' అని ముందువాళ్లకీ వెనకవాళ్లకీ చెబుతున్నాడు, ఎవరూ అడక్కుండానే. వెలుతురు తగ్గిందని ఆట ఆపేశారు, 358కి 9, మనవాడు 105. ఎవరూ సీట్లోంచి లేవలేదు కాసేపు.

నేలటికెట్టు | 3:15

అందరూ సంతోషంగా ఉన్నప్పుడు ఈ మాట అంటే తిడతారని తెలుసు. సెంచరీకి నేనూ ఎగిరాను. కానీ ఆ 50 దగ్గర చేసిన సైగ నాకు గుచ్చుకుంది. నాలుగో తారీఖు రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఏం జరిగిందో మర్చిపోయామా? పుష్ప 2 ప్రీమియర్ చూడ్డానికొచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో చనిపోయింది, ఆమె కొడుకు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. హీరో అరెస్టు, బెయిలు, అసెంబ్లీలో చర్చ, అన్నీ అయ్యాయి. ఇంకా నెల కూడా కాలేదు.

బెజవాడ బుల్లోడు | 3:22

అన్నా, 21 ఏళ్ల కుర్రాడు. వాడు ఆ సైగ చేసింది హీరో కోసం కాదు, జట్టు కోసం. 221కి 7 ఉన్నప్పుడు ఇంకేం చేయాలి? పుష్ప మొదటి భాగం నుంచే వార్నర్ దగ్గర మొదలుపెట్టి గల్లీ పిల్లల దాకా అందరూ చేసిందే.

నేలటికెట్టు | 3:30

నితీష్‌ని తప్పుపట్టట్లేదు తమ్ముడూ. నాకు గుచ్చుకుందన్నానంతే. ఎందుకంటే ఆ రోజు రాత్రి నేను కూడా లైన్లో ఉన్నాను. ఆ థియేటర్ కాదు, వేరేది. గేటు తీసినప్పుడు నా ముందున్న పిల్లాడి చెప్పు ఊడిపోయింది. వాడు వంగబోతే వాళ్ల నాన్న జబ్బ పట్టి పైకి లాగాడు. ఆ లాగడం నాకు కళ్లముందే ఉంది. సినిమా అయ్యాక ఫోన్ తీస్తే ఈ వార్త. అప్పటినుంచి ఆ సైగ ఎక్కడ చూసినా ముందు ఆ చెప్పు గుర్తొస్తోంది.

తెల్లారిజాము | 4:05

అన్నా, మీరన్నది అర్థమైంది. నా పరిస్థితి ఇంకోలా ఉంది. చిన్నప్పటి నుంచి నేను సూర్యుడి కంటే ముందు లేచింది రెండిటికే. ఒకటి ఆస్ట్రేలియా టెస్టు, రెండోది బెనిఫిట్ షో. పరీక్షలకి కూడా లేవలేదు. మా ఊళ్లో నాలుగు గంటల ఆటకి మూడున్నరకి సైకిల్ తీసేవాణ్ని. గేటు దగ్గర కాగితం ముక్కల బస్తాలు, పక్కన టీ బండి, తెర వెనకాల అగరొత్తుల వాసన. తెలంగాణలో ఇక బెనిఫిట్ షోలు లేవని ముఖ్యమంత్రి 21న అసెంబ్లీలో చెప్పాక ఆ రెండిట్లో ఒకటి పోయిందనిపించింది. నేనుండేది కూకట్‌పల్లిలో కదా.

తప్పని అనట్లేదు. ఒక ప్రాణం పోయాక నా అగరొత్తుల వాసన ఎంత! కానీ బాధ బాధే.

గల్లీ క్రికెటర్ | 4:11

కోదాడ దాటి జగ్గయ్యపేట పో తమ్మీ, అక్కడ ఆట ఉంటది. సినిమా టికెట్ కంటే బస్సు టికెట్ ఎక్కువైతది, అంతే.

రెండో ఆట | 4:48

నేను పదహారేళ్లు ఒక థియేటర్‌లో బుకింగ్ చూసుకున్నాను, ఇప్పుడు మానేశాను. ఊరు, హాలు పేరు వద్దు.

పేరులోనే ఉంది 'బెనిఫిట్' అని. ఒకప్పుడు ఏదో సహాయ నిధికని వేసేవారు, తర్వాత అభిమాన సంఘాల చేతికొచ్చింది. సంఘం వాళ్లు ఆట మొత్తం మాట్లాడుకుని టికెట్లు వాళ్లే అమ్ముకునేవాళ్లు. లెక్కంతా వాళ్ల దగ్గరే. మేం తాళాలిచ్చి పక్కన నిలబడేవాళ్లం. సీట్లు ఎన్ని, లోపలికి ఎందరు పోయారు అంటే, తెల్లారి కుర్చీలు లెక్కపెడితే విరిగినవి తెలిసేవి గానీ మనుషులు తెలిసేవారు కాదు. ఒక పెద్ద హీరో సినిమాకి ఒక్క ఆటలో 34 కుర్చీలు పోయాయి మాకు.

ఇప్పుడు సంఘాల బదులు ప్రభుత్వ జీవో మీద నడుస్తోంది. పుష్ప 2 ప్రీమియర్‌కి మామూలు టికెట్ మీద 800 అదనం. ఎందుకంటే సినిమా ఆయుష్షు మొదటి నాలుగు రోజులే అయిపోయింది. అంత రేటు పెట్టి కొన్న బయ్యరుకి సోమవారానికల్లా సగం వెనక్కి రాకపోతే నిద్రుండదు. అందుకే ముందురోజు రాత్రే తలుపులు తీస్తారు. 26న సినిమావాళ్లంతా ముఖ్యమంత్రిని కలిశారు కదా, అక్కడ అసలు అడగాల్సింది ఇదీ: గేటు దగ్గర ఎంతమంది ఉండాలి, హీరో వస్తే ఏ దారిలో రావాలి, ఎవరు చెప్పాలి. రేట్ల సంగతి తర్వాత.

నేలటికెట్టు | 5:02

రెండో ఆట గారూ, దండం. ఈ వేదికలో పదేళ్లలో ఇంత పనికొచ్చే ముక్క చదవలేదు. ఆ రాత్రి మేం ముగ్గురం వెళితే మూడు వేలు దాటింది. అంత తీసుకున్నవాళ్లు గేటు దగ్గర ఇంకో నలుగుర్ని పెట్టలేరా?

నిర్వాహకుడు | 5:20

హీరోల పేర్లతో కుల ప్రస్తావన తెచ్చిన మూడు వ్యాఖ్యలు తీసేశాను. ఎవరివో వాళ్లకి తెలుసు. మిగతావాళ్లు కొనసాగించండి.

బందరు లడ్డు | డిసెంబర్ 29, ఉదయం 7:05

అందరూ క్రికెట్ మత్తులో ఉన్నారు గానీ, రాత్రి మనం పడుకున్నాక న్యూయార్క్‌లో మన కోనేరు హంపి ప్రపంచ ర్యాపిడ్ చెస్ టైటిల్ గెలిచింది. రెండోసారి! మొదటిది 2019లో మాస్కోలో. ఈసారి మొదటి రౌండే ఓడిపోయింది. అక్కణ్నుంచి లేచి 11 రౌండ్లలో 8.5 పాయింట్లు. చివరి గేమ్‌లో ఇండోనేషియా ఆవిడ ఐరీన్ మీద నల్ల పావులతో గెలిచింది. 37 ఏళ్లు, ఒక పాప తల్లి.

నిన్న మా ఇంట్లో అందరూ సెంచరీకి ఎగిరారు. ఇవాళ నేను ఒక్కదాన్నే ఎగిరా. మా ఆయన పేపర్ లోంచి తలెత్తి, 'చెస్‌లో కూడా కప్పు ఉంటుందా' అన్నారు. కాఫీలో చక్కెర వేయలేదు. అడగలేదు కూడా, భయంతో తాగేశారు.

నెల మొదటి సగంలో గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, వాళ్లదీ చెన్నైలో తెలుగిల్లే. ఈ డిసెంబర్ మామూలుగా లేదు.

సిడ్నీ 167 | 7:40

అమ్మా, మంచి వార్త చెప్పారు. ఒకటి గమనించారా? హంపి నాన్నగారు అశోక్ గారు లెక్చరర్ ఉద్యోగం వదిలి కూతురికి ఆట నేర్పారు. ముత్యాలరెడ్డి గారు హిందుస్థాన్ జింక్‌లో స్వచ్ఛంద విరమణ తీసుకుని కొడుకుని గ్రౌండ్‌కి తీసుకెళ్లారు, బదిలీ మీద ఉదయపూర్ వెళ్లమంటే. ఒకే రోజు ఇద్దరికీ ఫలించింది.

ఎక్స్‌ట్రా కవర్ | 8:30

గురువుగారూ, మీ మాటకి అడ్డు చెబుతున్నానని అనుకోకండి. ఫలించినవాళ్లు టీవీలో కనబడతారు. మా బాబాయి కథ వినండి. కొడుకు జిల్లా అండర్-16 దాకా ఆడాడు. వాడి కోసం బాబాయి మంచి దుకాణం వేరేవాళ్లకి వదిలేసి స్కూటర్ మీద రోజుకి 40 కిలోమీటర్లు తిప్పాడు. ఇంగ్లిష్ విల్లో బ్యాట్ ఒక్కటే పాతిక వేలు, ఏడాదికి రెండు విరిగేవి. 17 ఏళ్లప్పుడు భుజానికి దెబ్బ తగిలింది, అంతే. ఇప్పుడు వాడు సాఫ్ట్‌వేర్, బాగానే ఉన్నాడు. బాబాయి మాత్రం నిన్న మ్యాచ్ చూడలేదు. చూడమని ఫోన్ చేశాను. 'స్కోరు చెప్పు చాలు' అన్నాడు. సెంచరీ అని చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'వాళ్ల నాన్న వచ్చాడా గ్రౌండ్‌కి' అని అడిగాడు. వచ్చాడన్నాను. 'మంచిది' అని పెట్టేశాడు.

తెల్లారిజాము | 8:41

అన్నా... మీ బాబాయిగారికి నా నమస్కారం చెప్పండి.

మెల్‌బోర్న్ మామ | 12:50

ఇవాళ కూడా వెళ్లా. మనవాడు 114 దగ్గర లయన్ బౌలింగ్‌లో స్టార్క్‌కి దొరికాడు, మనం 369. బుమ్రా మాత్రం, అబ్బా! హెడ్‌ని తీసి 200 వికెట్లు పూర్తి చేశాడు, సగటు 20 లోపే. కానీ చివర్లో లయన్, బోలాండ్ జోడీ పట్టుకుని కూర్చుంది చూడండి, పదో వికెట్‌ని తీయలేక చచ్చాం. మన తలనొప్పి ఇంతే, మొదటి తొమ్మిది మందిని తీసి పదోవాడి దగ్గర టీ తాగుతాం.

బెజవాడ బుల్లోడు | సాయంత్రం 6:15

మా ఊళ్లో ఇవాళ రామ్‌చరణ్ గేమ్ ఛేంజర్‌కి 256 అడుగుల కటౌట్ ఆవిష్కరించారు, వజ్రా గ్రౌండ్స్‌లో. చూడ్డానికెళ్లా. తల చూడాలంటే మెడ వెనక్కి వాల్చాలి, అప్పుడు జేబు చూసుకోవడం కుదరదు. పక్కవాడి పర్సు పోయింది.

సంక్రాంతి లైనప్: 10న గేమ్ ఛేంజర్, 12న డాకు మహారాజ్, 14న సంక్రాంతికి వస్తున్నాం. నా ఓటు మూడోదానికే. రమణ గోగుల పాట వచ్చినప్పటి నుంచి మా అమ్మ ఫోన్ రింగ్‌టోన్ అదే. పద్దెనిమిదేళ్ల తర్వాత పాడినా ఆ గొంతులో అదే బద్ధకం, ఏం మారలేదు.

నేలటికెట్టు | 6:32

నేనూ అదే చూస్తా, కానీ రెండో రోజు మ్యాట్నీకి. మొదటి రోజు జోలికి ఇక పోను.

గల్లీ క్రికెటర్ | డిసెంబర్ 30, మధ్యాహ్నం 12:35

పోయింది. 184 పరుగుల తేడా. టీ దాకా జైస్వాల్, పంత్ నిలబడితే డ్రా అనుకున్నాం. పంత్ హెడ్‌కి దొరికిండు, పార్ట్‌టైమ్ బౌలర్‌కి! అతనితో మొదలుపెట్టి 34 పరుగులకి 7 వికెట్లు. జైస్వాల్ 84 దగ్గర స్నికోలో (బంతి తగిలిన చప్పుడు చూపే యంత్రం) గీత కదల్లేదు, అయినా థర్డ్ అంపైర్ అవుటిచ్చిండు. బంతి దారి మారినట్టు కంటికి కనిపించిందట.

సిడ్నీ 167 | 1:05

నాకైతే బంతి గ్లవ్‌కి తగిలి దారి మారినట్టే అనిపించింది. యంత్రం చెప్పకపోతే కన్ను చెప్పింది పట్టించుకోకూడదా? దీని మీద మనకి నెల రోజుల కాలక్షేపం.

బెజవాడ బుల్లోడు | 1:11

గురువుగారూ, మీరు ఆస్ట్రేలియా పక్షమా!

మెల్‌బోర్న్ మామ | 4:20

ఐదు రోజులకీ కలిపి 3,73,691 మంది వచ్చారట. బ్రాడ్‌మన్ కాలంలో 1937లో నెలకొన్న రికార్డు పోయింది. అందులో మూడు టికెట్లు నావి, మా ఆవిడ లెక్క వేసి ఫ్రిజ్ మీద అంటించింది.

ఇంకో సంగతి. సెంచరీ తర్వాత బ్యాట్ మీద హెల్మెట్ పెట్టింది బాహుబలి స్టైల్ అని అందరం అనుకున్నాం కదా. కాదట. హెల్మెట్ మీదున్న జెండాకి సెల్యూట్ చేశానని బీసీసీఐ వీడియోలో తనే చెప్పాడు.

నేలటికెట్టు | 4:34

ఇది నాకు చాలా నచ్చింది. 50కి సినిమా, 100కి జెండా. సరే, ఆ 50ని కూడా క్షమించేశా.

ఎక్స్‌ట్రా కవర్ | 5:10

బాబాయి ఇవాళ తనే ఫోన్ చేశాడు. నితీష్ రెండో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగుకే అవుటయ్యాడు కదా, దాని గురించి పది నిమిషాలు మాట్లాడాడు. ముందు కాలు బంతి దగ్గరికి చేరట్లేదట. ఎక్కడ చూశావంటే హైలైట్స్ అన్నాడు.

తెల్లారిజాము | 9:45

అందరికీ థ్యాంక్స్. రేపు రాత్రి బస్సుకి హైదరాబాద్ వెళ్లాలి, మూడో తారీఖున సిడ్నీ టెస్టు. అక్కడ గదిలో నేనొక్కణ్నే, కాలు మడుచుకుని కూర్చున్నా గరిటె పట్టుకుని నిలబడేవాళ్లు లేరు. అమ్మకి చెప్పాను, ఆ రోజు 5 గంటలకి వీడియో కాల్ చేస్తాను, టీవీ పక్కన నిలబడాలని. ఒప్పుకుంది. కానీ ఆ పూట ఉప్మా చేస్తుందట, కుక్కర్ ముట్టుకోదట.